యూరప్ చట్టాల్లో జనం మాట: డెల్టా పాఠకుల ప్రశ్నలకి జవాబులు

యూరప్‌లో సంఘాలు, యూనియన్లు, మామూలు జనం కలిసి తమకి కావలసిన చట్టాలు ఎలా తెప్పించుకుంటారో పోయిన నెల ఈ పేజీలో క్లుప్తంగా రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు నుంచే వచ్చాయి. అక్కడి చెరువుల్లో పెరిగేదీ, అరుగుల మీద కూర్చుని అల్లేదీ యూరప్‌కి వెళ్తున్నాయి కాబట్టి అది సహజమే. ఈసారి పేజీ మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువులు. కౌంట్ (కిలోకి తూగే రొయ్యల లెక్క) బాగా వచ్చినా శాంపిల్‌లో యాంటీబయోటిక్ కనిపిస్తే ఇది యూరప్ సరుకు కాదంటూ రేటు కోసేస్తున్నారు. అక్కడి ఎన్జీవోలు మనలాంటి దేశాల మీద కక్షతో ఈ రూల్సు పెట్టిస్తున్నారని మా దగ్గర చాలామంది అంటారు. నిజమేనా? — ఆక్వా రైతు

కక్ష కాదండీ. ఈ రూలు వాళ్ళు మొదట పెట్టుకున్నది తమ రైతుల మీదే. పశువులు, కోళ్ళు తొందరగా బరువెక్కడానికి మేతలో యాంటీబయోటిక్స్ కలిపే అలవాటు ఒకప్పుడు యూరప్ అంతటా ఉండేది. 1986లో స్వీడన్ దాన్ని నిషేధించింది. నిషేధించమని అడిగింది ఎవరో తెలుసా, అక్కడి రైతు సంఘమే. మాంసం మీద జనానికి నమ్మకం పోతే చివరికి మునిగేది తామేనని వాళ్ళకి అర్థమైంది. ఆ తర్వాత డెన్మార్క్ కదిలింది, వినియోగదారుల సంఘాలు, డాక్టర్లు యూరోపియన్ యూనియన్ ఆఫీసులున్న బ్రస్సెల్స్‌లో ఏళ్ళ తరబడి వెంటపడ్డారు, 2006 జనవరి 1 నుంచి మొత్తం యూరోపియన్ యూనియన్‌లో మేతలో గ్రోత్ కోసం వాడే యాంటీబయోటిక్స్ అన్నీ ఆగిపోయాయి. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న పశువుల మందుల చట్టం ఇంకా కఠినమైంది, బయటి దేశాల సరుకుకీ అదే నియమం వర్తించాలనే నిబంధన అందులోనే ఉంది. తాము మానేసిన పని చేసే దేశాల సరుకు చవగ్గా వచ్చి పడితే తమ రైతు ఏమైపోవాలన్నది అక్కడి రైతు సంఘాల ప్రశ్న. అందులో అన్యాయం ఏమీ నాకు కనిపించలేదు.

మీ రొయ్యల్లో దొరుకుతున్నవని చెప్పే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే మందుల సంగతి వేరు. అవి మనిషి ఆరోగ్యానికి ప్రమాదమని తిండి కోసం పెంచే జీవాల్లో వాడకుండా ఎప్పుడో నిషేధించారు, మన దేశంలో కూడా ఆక్వాలో వాటికి అనుమతి లేదు. మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో అంతకుముందు 10 శాతం మాత్రమే యూరప్ రేవుల్లో టెస్ట్ చేసేవాళ్ళు, 2016లో దాన్ని 50 శాతానికి పెంచారు. ఆ భారం ప్రాసెసింగ్ ప్లాంట్ నుంచి కిందికి జారి జారి చివరికి చెరువు గట్టు మీద ఉన్న మీ దగ్గర ఆగుతోంది. మీ కోపం న్యాయమే. కానీ అక్కడ రైతులు సంఘంగా ఏర్పడి రూలు రాసేటప్పుడే బల్ల దగ్గర కూర్చున్నారు, ఇక్కడ మీ చేతికి వచ్చేది బయ్యర్ చెప్పిన రేటు మాత్రమే. తేడా అక్కడుంది.

ప్రశ్న: సివిల్ సొసైటీ అంటే ఎన్జీవోలేనా? పోటీ పరీక్షల పుస్తకాల్లో అలాగే ఉంది. — డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

ఎన్జీవోలు అందులో ఒక భాగం మాత్రమే. కార్మిక సంఘాలు, రైతు సంఘాలు, వినియోగదారుల సంఘాలు, చర్చిలు, వికలాంగుల సంఘాలు, అన్నీ వస్తాయి. 1957 నాటి రోమ్ ఒప్పందంలోనే వీళ్ళ కోసం ఒక సంస్థ పెట్టారు, యూరోపియన్ ఎకనామిక్ అండ్ సోషల్ కమిటీ అని, ఇప్పుడు 329 మంది సభ్యులు, యజమానులు ఒక గ్రూపు, కార్మికులు ఒక గ్రూపు, మిగతా సంఘాలన్నీ మూడో గ్రూపు. అయితే అది సలహా ఇచ్చే సంస్థే, దాని మాట యూరోపియన్ యూనియన్‌లో చట్టాలు ప్రతిపాదించే కమిషన్ వినాలనేం లేదు. దానికంటే బలమైన దారి యూనియన్లకి ఉంది. యజమానుల సమాఖ్యతో యూనియన్ల సమాఖ్య ఒప్పందానికి వస్తే, ఆ ఒప్పందాన్నే యథాతథంగా చట్టం చేసే వీలు అక్కడి రాజ్యాంగంలాంటి ఒప్పందాల్లో ఉంది. బిడ్డ పుడితే తల్లికైనా తండ్రికైనా కనీసం మూడు నెలల సెలవు అన్న 1996 చట్టం అలాగే పుట్టింది. పరీక్షలో అడిగితే ఈ ఉదాహరణ రాయమ్మా.

ప్రశ్న: మాది మొగల్తూరు వైపు. చుట్టూ నీళ్ళే గానీ తాగడానికి టిన్ను కొనుక్కోవాలి. మంచినీళ్ళు జనం హక్కని యూరప్‌లో సంతకాలు పెట్టారని రాశారు. వాళ్ళకి నీళ్ళు వచ్చాయా మరి? — గృహిణి

అమ్మా, మీ ప్రశ్నకి జవాబు కొంచెం పెద్దది, ఎందుకంటే ఆ కథలో గెలుపు కొంత, ఓటమి కొంత ఉన్నాయి.

2012 ఏప్రిల్ నుంచి యూరోపియన్ యూనియన్ పౌరులకి ఒక కొత్త హక్కు వచ్చింది. కనీసం ఏడు దేశాల నుంచి, ఏడాదిలోగా 10 లక్షల సంతకాలు తెస్తే, ఆ విషయం మీద ఏం చేస్తారో, ఏం చేయరో, ఎందుకో కమిషన్ రాతపూర్వకంగా చెప్పి తీరాలి. చట్టం తెచ్చి తీరాలని లేదు, జవాబు చెప్పి తీరాలి, అంతే. ఆ హక్కుని వాడుకుని మొదట గెలిచింది నీళ్ళ ఉద్యమం, పేరు 'రైట్ టు వాటర్'. నడిపింది ప్రభుత్వ రంగ ఉద్యోగుల యూనియన్ల సమాఖ్య. అప్పట్లో కమిషన్ కాంట్రాక్టుల మీద ఒక చట్టం రాస్తోంది, దానివల్ల ఊళ్ళ నీటి సరఫరా ప్రైవేటు కంపెనీల చేతికి పోతుందని జనం భయపడ్డారు. జర్మనీలో నీటి సరఫరా చాలావరకు మునిసిపాలిటీలదే, అందుకే ఆ భయం అక్కడ దావానలంలా పాకింది. మొత్తం 16 లక్షలకు పైగా సంతకాలు చెల్లితే అందులో 12 లక్షలు ఒక్క జర్మనీవే. అంతకుముందే 2011లో ఇటలీ జనం రెఫరెండంలో నీటి ప్రైవేటీకరణకి దారితీసే చట్టాలని 95 శాతం ఓట్లతో కొట్టేశారు.

సంతకాలు అధికారికంగా అందజేయకముందే, 2013 జూన్‌లో, నీటిని ఆ కాంట్రాక్టుల చట్టం నుంచి తీసేస్తున్నామని కమిషన్ ప్రకటించింది. అది పెద్ద గెలుపు. కానీ అసలు కోరిక, నీరు మానవ హక్కని చట్టంలో రాయమన్నది, నెరవేరలేదు. 2014 మార్చిలో వచ్చిన జవాబులో మంచి మాటలు చాలా ఉన్నాయి గానీ కొత్త చట్టం మాత్రం లేదు. చాలా ఉద్యమాలు ఇక్కడే చల్లారిపోతాయి. వీళ్ళు ఊరుకోలేదు, పార్లమెంటు చేత అడిగించారు, సంప్రదింపులు పెట్టించారు, 2018లో కమిషన్ తాగునీటి చట్టాన్ని సవరిస్తూ ముసాయిదా తెచ్చింది, 2020 డిసెంబర్‌లో అది పాసైంది. ఇళ్ళు లేనివాళ్ళు, శరణార్థులు, ఊరి చివర బతికేవాళ్ళకి నీళ్ళు అందేలా ప్రతి దేశం చర్యలు తీసుకోవాలి, బహిరంగ ప్రదేశాల్లో కొళాయిలు పెట్టాలి అని అందులో ఉంది. సంతకాల నుంచి చట్టం దాకా ఏడేళ్ళకి పైగా పట్టింది. ఫైలు ఎక్కడుందో కనుక్కుంటూ ఎవరో ఒకరు రోజూ పనిచేస్తేనే అది జరిగింది, అందుకు జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకునే స్తోమత యూనియన్లకి ఉంది.

మీ ఊరి సంగతికొస్తే, మంచినీళ్ళ చెరువు నీళ్ళ టెస్ట్ రిపోర్టులు సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. చేతిలో ఆ కాగితం ఉంటే గ్రామసభలో మీ మాటకి బరువొస్తుంది.

ప్రశ్న: తణుకు దగ్గర మాకు లేయర్ కోళ్ళ ఫారం ఉంది. యూరప్‌లో కేజ్‌లు మొత్తం తీసేశారని ఒకరు, తీసేయలేదని ఇంకొకరు అంటున్నారు. — పౌల్ట్రీ రైతు

ఇద్దరూ సగం సగం కరెక్టే. ఇరుకు బ్యాటరీ కేజ్‌లని 2012 జనవరి 1 నుంచి నిషేధించారు. ఆ చట్టం పాసయింది 1999లో, అంటే రైతులకి మార్చుకోవడానికి 12 ఏళ్ళకి పైగా టైమిచ్చారు. కాస్త పెద్దవైన, గూడు, ఎక్కి కూర్చునే కర్ర ఉన్న కేజ్‌లు ఇప్పటికీ చాలా దేశాల్లో ఉన్నాయి. అవి కూడా వద్దంటూ 170కి పైగా సంఘాలు కలిసి దాదాపు 14 లక్షల సంతకాలు తెచ్చాయి. 2023 చివరికల్లా చట్టం ప్రతిపాదిస్తామని 2021 జూన్‌లో కమిషన్ మాటిచ్చింది. 2023 అయిపోయింది, ప్రతిపాదన రాలేదు. ఆ సంతకాలు పెట్టించినవాళ్ళు 2024లో కమిషన్ మీద కోర్టుకెక్కారు. మాటిచ్చి తప్పడం నాకు ఏ కోణంలోనూ సమర్థించేలా కనిపించదు, అయితే కోర్టుకెళ్ళి అడగడానికి చేతిలో తేదీతో సహా రాసిన మాట ఉండటం చిన్న విషయమేమీ కాదు.

ప్రశ్న: నరసాపురం. చిన్నప్పటి నుంచి లేసు అల్లుతున్నాను. మా లేసు యూరప్‌లో బోలెడు ధర పలుకుతుందట, మాకిచ్చేది దారం కట్ట లెక్కన కూలి. అక్కడ కొనేవాళ్ళు మా గురించి ఎప్పుడైనా ఆలోచిస్తారా? — లేసు కార్మికురాలు

ఆలోచించేవాళ్ళున్నారమ్మా. కాకపోతే వాళ్ళ చూపు మీ ఇంటి అరుగు దాకా ఇంకా రాలేదు.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. శిథిలాల్లో యూరప్ బ్రాండ్ల లేబుళ్ళు దొరికాయి. ఆ ఫోటోలు చూసిన యూరప్ జనం షాపుల ముందు నిలబడి అడిగారు, ఇవి కుట్టినవాళ్ళు ఎక్కడున్నారని. ఆ ఒత్తిడిలో కొద్ది వారాల్లోనే బ్రాండ్లు, యూనియన్లు కలిసి ఫ్యాక్టరీల భద్రత మీద ఒప్పందం చేసుకున్నాయి, అది ఉత్త హామీ కాదు, కట్టుబడాల్సిన ఒప్పందం. తర్వాత ఫ్రాన్స్‌లో సంఘాలు, యూనియన్లు పట్టుబట్టి 2017లో ఒక చట్టం తెప్పించాయి. పెద్ద కంపెనీలు తమ సరుకు ఎక్కడ తయారైనా అక్కడి కార్మికులకి, పరిసరాలకి జరిగే హాని ముందే గుర్తించి ఆపాలి, ఆపకపోతే కోర్టులో జవాబుదారీ. అదే ఆలోచనతో 2024లో మొత్తం యూరోపియన్ యూనియన్‌కి చట్టం వచ్చింది, అప్పటి లెక్క ప్రకారం వెయ్యి మందికి పైగా ఉద్యోగులు, 45 కోట్ల యూరోలకి పైగా టర్నోవర్ ఉన్న కంపెనీలకి. ఇక్కడ బాధ కలిగించే విషయం చెప్పాలి. ఏడాది తిరక్కుండానే, 2025లో, రూల్సు సులభం చేస్తామంటూ కమిషన్ దాని అమలుని వెనక్కి జరిపించింది, చట్టాన్ని పలుచన చేసే ప్రతిపాదనలూ తెచ్చింది. కంపెనీల సంఘాలు కూడా బ్రస్సెల్స్‌లోనే ఉంటాయి కదా, వాళ్ళకి ఆఫీసులూ లాయర్లూ ఎక్కువ.

ఇంకో చిక్కు ఏమిటంటే ఇవన్నీ ఫ్యాక్టరీ గేటుని ఊహించుకుని రాసిన చట్టాలు. కంపెనీకీ మీకూ మధ్య ఎగుమతిదారు, ఏజెంటు, వీధిలో దారం పంచే ఆవిడ, ఇంతమంది ఉన్నారు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళ పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. పేరు లేని మనిషికి జరిగిన అన్యాయం ఎవరి లెక్కలోకీ రాదు. మీరు పది మంది కలిసి ఎంత దారం తీసుకున్నారు, ఎన్ని రోజులు పట్టింది, ఎంత ముట్టింది అని ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. యూరప్‌లోని ఏ సంఘమైనా మీ తరఫున ఒక బ్రాండ్‌ని నిలదీయాలంటే ముందు అడిగేది ఆ రాతే.

ప్రశ్న: ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకుని ప్రభుత్వాన్నే ఎలా తిడతారు ఆ ఎన్జీవోలు? — రిటైర్డ్ టీచర్, రాజోలు

మంచి ప్రశ్న మాస్టారూ, ఇదే ప్రశ్న మీద 2025లో యూరోపియన్ పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. యూరోపియన్ యూనియన్‌కి 'లైఫ్' అనే పర్యావరణ నిధి ఉంది, 2021 నుంచి 2027 దాకా 540 కోట్ల యూరోలు. అందులో ఏడాదికి సుమారు 1.5 కోట్ల యూరోలు పర్యావరణ సంఘాల నిర్వహణకి వెళ్తాయి. కుడిపక్ష (రైట్ వింగ్) సభ్యులు ఈ డబ్బుతో మా మీదే లాబీయింగ్ చేయిస్తున్నారని లేచారు. యూరోపియన్ యూనియన్ ఖర్చుల్ని తనిఖీ చేసే ఆడిట్ కోర్టు కూడా 2025 ఏప్రిల్‌లో, ఎన్జీవోలకి ఎంత వెళ్తోందో లెక్కలు స్పష్టంగా లేవని తప్పుపట్టింది. లెక్కలు బయటపెట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ డబ్బు ఆపేస్తే ఎవరు మిగులుతారో కూడా చూడాలి. కంపెనీలు తమ వాదన వినిపించడానికి సొంత డబ్బు పెట్టుకోగలవు. పక్షికి, నదికి, మురికివాడ పిల్లకి ఎవరు పెడతారు? జనం చందాల మీదే బతికే గ్రీన్‌పీస్ లాంటివి కొన్ని ఉన్నాయి, అవి కమిషన్ డబ్బు ముట్టుకోవు. అన్నిటికీ అది సాధ్యం కాదు.

ప్రశ్న: యూరప్ రైతులు ట్రాక్టర్లతో బ్రస్సెల్స్‌ని దిగ్బంధం చేశారు కదా. మరి రైతులూ పర్యావరణ సంఘాలూ ఒకే పక్షం ఎలా అవుతారు? — వరి రైతు, రావులపాలెం

ఎప్పుడూ ఒకే పక్షం కారు. పురుగుమందులు తగ్గించి తేనెటీగల్నీ రైతుల్నీ కాపాడమంటూ ఒకవైపు పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి, వాడకం సగానికి తగ్గించాలన్న ముసాయిదా వచ్చాక ఇంకోవైపు 2024 ఫిబ్రవరిలో ట్రాక్టర్లు. ఆ నెలలోనే కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ ముసాయిదాని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు. ట్రాక్టర్లు గెలిచాయి. అయితే ఆ రైతుల కోపం పురుగుమందుల మీద మాత్రమే కాదు, డీజిల్ ఖర్చు, చవక దిగుమతులు, సూపర్‌మార్కెట్లు ఇచ్చే రేటు, అన్నీ ఉన్నాయి. గిట్టుబాటు ధర సంగతి తేల్చకుండా మందు తగ్గించమంటే దాళ్వాలో దోమపోటు చూసిన మీరు మాత్రం ఒప్పుకుంటారా? పర్యావరణ సంఘాలు ఆ ప్రశ్నని తమదిగా తీసుకోనంత కాలం ఇలాగే ఓడిపోతాయని నా అభిప్రాయం.

ప్రశ్న: ఎండ దెబ్బకి మా వయసువాళ్ళు రాలిపోతున్నారు. స్విట్జర్లాండ్‌లో ముసలమ్మలు కేసు గెలిచారట? — 71 ఏళ్ళ పాఠకురాలు, యానాం

గెలిచారమ్మా. రెండు వేల మందికి పైగా పెద్ద వయసు ఆడవాళ్ళు సంఘం పెట్టుకుని, మా ప్రభుత్వం వాతావరణ మార్పుని ఆపడానికి తగినంత చేయడం లేదు, వడగాడ్పులకి ముందు పోయేది మేమేనని వాదించారు. స్విస్ కోర్టులు కొట్టేశాయి. స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు 2024 ఏప్రిల్ 9న వాళ్ళ వైపు తీర్పిచ్చింది. ఆ కోర్టు యూరోపియన్ యూనియన్‌ది కాదు, కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది. ఇంకో మాట, విడిగా కేసు వేసిన నలుగురు ఆడవాళ్ళ వాదనని కోర్టు స్వీకరించలేదు, సంఘం వేసిన కేసే నిలబడింది.

ప్రశ్న: మా మండలంలో ఒక ఫ్యాక్టరీ వస్తుందంటున్నారు. యూరప్ సంగతి సరే, ఇక్కడ మన చేతిలో ఏముంది? — మాజీ వార్డు సభ్యుడు, సఖినేటిపల్లి

ఆర్హస్ ఒప్పందం అని ఒకటి 1998లో డెన్మార్క్‌లో కుదిరింది. పర్యావరణ సమాచారం అడిగే హక్కు, నిర్ణయంలో పాల్గొనే హక్కు, కోర్టుకెళ్ళే హక్కు, మూడూ కలిపి అందులో రాశారు. యూరప్ సంఘాల బలం చాలావరకు అక్కడి నుంచే వచ్చింది. మనం ఆ ఒప్పందంలో లేం, కానీ మూడు హక్కులూ విడివిడిగా మనకీ ఉన్నాయి: 2005 సమాచార హక్కు చట్టం, 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ, 2010 చట్టంతో వచ్చిన గ్రీన్ ట్రిబ్యునల్. మనకి దగ్గరి బెంచ్ చెన్నైలో ఉంది.

మీ ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ అవసరమో కాదో ముందు తెలుసుకోండి, అన్నిటికీ ఉండదు. చమురు, గ్యాస్ అన్వేషణ బావులకి 2020 జనవరిలో ఆ నియమం తీసేశారు, పాశర్లపూడి బ్లోఔట్ (గ్యాస్ బావిలోంచి మంటలెగసిన ప్రమాదం) చూసిన కోనసీమలో దాని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. సేకరణ ఉంటే కనీసం 30 రోజుల ముందు నోటీసు పత్రికల్లో రావాలి, ఒకటి తెలుగు పత్రిక అయి ఉండాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో చూడనివ్వాలి. ఆ రోజు మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరేమన్నారో రాసుకున్నది తెలుగులో చదివి వినిపించాలి, చాలా చోట్ల జనం అప్పటికే లేచి వెళ్ళిపోతారు. దయచేసి వెళ్ళకండి. మీరన్న మాట అందులో లేకపోతే అక్కడే లేచి రాయించండి, తర్వాత ట్రిబ్యునల్‌కి వెళ్తే పనికొచ్చేది ఆ మినిట్సే. అనుమతి వచ్చాక అప్పీలుకి 30 రోజులే గడువు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు.

2020లో ఈ నోటిఫికేషన్ మొత్తాన్నీ మార్చేస్తూ ముసాయిదా తెచ్చినప్పుడు అది ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంది. ఒక పర్యావరణ కార్యకర్త ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే, రాజ్యాంగంలోని 22 భాషల్లోకీ అనువదించమని 2020 జూన్ 30న కోర్టు చెప్పింది. దేశమంతటి నుంచీ లక్షల్లో అభ్యంతరాలు వెళ్ళాయి, ఆ ముసాయిదా తుది రూపానికి రానేలేదు. ఇది యూరప్‌లో కాదు, మన దగ్గరే జరిగింది.

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలో మాస్టర్స్ చేస్తోంది. అక్కడి ఆ పది లక్షల సంతకాల్లో తనూ పెట్టొచ్చా? — పాలకొల్లు పాఠకుడు

పెట్టకూడదండీ, దానికి యూరోపియన్ యూనియన్ పౌరసత్వం ఉండాలి. కానీ అక్కడ నివసించే ఎవరైనా, ఏ దేశం వాళ్ళైనా, యూరోపియన్ పార్లమెంటుకి పిటిషన్ పెట్టొచ్చు, అక్కడి సంస్థల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదూ చేయొచ్చు. మీరూ ఒక పని చేయొచ్చు. కమిషన్ ముఖ్యమైన ప్రతిపాదనల మీద సాధారణంగా 12 వారాలపాటు ఆన్‌లైన్‌లో అభిప్రాయాలు తీసుకుంటుంది, దానికి పౌరసత్వం, నివాసం ఏదీ అక్కర్లేదు, పాలకొల్లులో కూర్చుని రాసినా తీసుకుంటారు. యూరోపియన్ యూనియన్ 24 అధికార భాషల్లో ఏదో ఒకదానిలో రాయాలి, ఇంగ్లిష్ అందులో ఉంది. రొయ్యల టెస్టింగ్ మీదో, కోకో గింజలకి తోట ఎక్కడుందో మ్యాప్‌లో చూపాలన్న అడవుల చట్టం మీదో ఈసారి సంప్రదింపు తెరిచినప్పుడు మీ రైతు సంఘం తరఫున ఒక పేజీ రాసి పంపండి, పంపిన అభిప్రాయం సంఘం పేరుతో అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఇంగ్లిష్ మీ అమ్మాయి సరిచూస్తుంది.